తెలుగునాట కంప్యూటర్ చదువు

భారతదేశంలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ కాలేజీ పాఠంగా స్థిరపడింది కాన్పూర్ ఐఐటీలో. 1963 ఆగస్టులో అక్కడికి ఐబీఎం 1620 అనే యంత్రం వచ్చింది. దేశంలో అదే మొదటి కంప్యూటర్ ఏమీ కాదు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ 1955లోనే బ్రిటన్ నుంచి హెచ్ఈసీ-2ఎం అనే యంత్రాన్ని తెప్పించుకుంది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వంలో కుర్ర ఇంజనీర్లు సొంతంగా తయారుచేసిన టిఫ్రాక్ 1960లో పని మొదలుపెట్టింది. అయితే ఆ రెండు చోట్లా యంత్రం పరిశోధకుల లెక్కల కోసం ఉండేది. దాన్ని వాడాల్సినవాళ్లు పక్కవాళ్లను అడిగి, మాన్యువల్ ముందు పెట్టుకుని నేర్చుకునేవారు. యంత్రాన్ని విద్యార్థుల ముందు పెట్టి, దానికో సిలబస్, పరీక్ష, పాఠ్యపుస్తకం ఏర్పరచిన ఘనత కాన్పూర్‌ది.

అందుకు ఆసరా అమెరికా నుంచి వచ్చింది. ఎంఐటీ, ప్రిన్స్‌టన్, బర్క్‌లీ, పర్డ్యూ సహా తొమ్మిది అమెరికన్ విద్యాసంస్థలు 1962 నుంచి పదేళ్లపాటు కాన్పూర్ ఐఐటీకి అధ్యాపకులనూ పరికరాలనూ పంపాయి. బర్క్‌లీ నుంచి వచ్చిన హ్యారీ హస్కీ కంప్యూటర్ కేంద్రాన్ని నిలబెట్టడంలో తోడ్పడ్డాడు. అన్ని శాఖల ఇంజనీరింగ్ విద్యార్థులకూ ప్రోగ్రామింగ్ నేర్పాలన్న నిర్ణయం అక్కడ చాలా ముందుగానే జరిగింది. బయటి కాలేజీల అధ్యాపకులకూ, పరిశ్రమల నుంచి వచ్చినవాళ్లకూ కొద్ది రోజుల ప్రత్యేక కోర్సులు పెట్టారు. ఆ కోర్సులు చెప్పినవారిలో వి. రాజారామన్ ఒకరు. తరగతి కోసం ఆయన తయారుచేసుకున్న నోట్సు నుంచి పుట్టిన ప్రోగ్రామింగ్ పుస్తకం 1969లో వెలువడింది. ఆ తర్వాత రెండు మూడు తరాల భారతీయ విద్యార్థులు ఫోర్‌ట్రాన్, పాస్కల్, సి భాషలను ఆయన పుస్తకాల్లోనే చదువుకున్నారు.

1966లో కాన్పూర్‌కు మరింత పెద్ద యంత్రం, ఐబీఎం 7044 వచ్చింది. దానితో బ్యాచ్ పద్ధతి వచ్చింది. ప్రోగ్రామును ముందు కోడింగ్ షీటు మీద గళ్లలో ఒక్కో అక్షరం చొప్పున రాయాలి. దాన్ని పంచింగ్ యంత్రం మీద కార్డులుగా కొట్టాలి. ఒక్కో కార్డుకు ఎనభై నిలువు వరసలు, ఒక్కో కార్డు మీద ఒక్క వాక్యం. కార్డుల కట్టను కౌంటర్ దగ్గర ఇచ్చి వెళ్తే ఆపరేటర్ వరసలో పెడతాడు. ఫలితం కొన్ని గంటలకో, మర్నాటికో కాగితం మీద వస్తుంది. ఒక కామా తప్పిపోతే ఆ కాగితం మీద తప్పు పేరు తప్ప మరేమీ ఉండదు. మళ్లీ కార్డు కొట్టాలి, మళ్లీ కట్ట ఇవ్వాలి, మళ్లీ ఎదురుచూడాలి.

ఈ ఎదురుచూపే ఒక చదువు పద్ధతిని తయారుచేసింది. యంత్రం దగ్గరికి వెళ్లకముందే కాగితం మీద ఫ్లో చార్టు గీయాలి. ప్రోగ్రాములోని ప్రతి వాక్యాన్నీ వేలు పెట్టి చదువుతూ, ఏ దశలో ఏ విలువ ఎంత అవుతుందో పట్టికలో వేసుకోవాలి. దీన్నే డ్రై రన్ అన్నారు. యంత్రం ఒకటీ విద్యార్థులు వందలూ అయినచోట ఇంతకంటే మంచి పద్ధతి లేదు. దానివల్ల జాగ్రత్తగా ఆలోచించే ప్రోగ్రామర్లు తయారయ్యారు. భారతదేశపు కాలేజీల్లో కంప్యూటర్ పాఠం ఈ కొరతలో రూపు కట్టింది. యంత్రాలు చవకై బల్లకొకటి వచ్చాక కూడా ఆ రూపం చాలాకాలం మారలేదు. తెలుగునాట ఈ చదువు నడిచిన దారి అర్థం కావాలంటే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

తెలుగువాళ్లకు ఇంజనీరింగ్ చదువు కొత్త కాదు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. కాకినాడ, అనంతపురం కాలేజీల పుట్టుక 1946 నాటిది. వరంగల్‌లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ కాలేజీలను కలిపి 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జేఎన్‌టీయూ, ఏర్పడింది. ఈ కాలేజీలన్నీ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదువుల మీద నిలబడ్డవి. కంప్యూటర్ కావాలనుకున్న తెలుగు విద్యార్థి చాలా దూరం వెళ్లాల్సి వచ్చేది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ అందుకున్నారు. కంప్యూటర్ మాటను ఎలా గుర్తుపట్టాలన్నది ఆయన పరిశోధన. రాజ్ రెడ్డిగా ప్రసిద్ధుడైన ఆయనకు 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

హైదరాబాద్‌కు మాత్రం కంప్యూటర్ కాలేజీ కంటే ముందు ఫ్యాక్టరీ రూపంలో వచ్చింది. భీమవరం దగ్గర మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్స్ పరికరాల తయారీని పెంచి పోషించారు. ఆ కృషిలోంచే 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఈసీఐఎల్, పుట్టింది. రెండేళ్లకే, 1969లో, అది టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను బయటికి తెచ్చింది. 1970ల మధ్య నాటికి టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. దేశంలోని విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో వీటిని పెట్టారు. విదేశీ మారకద్రవ్య చట్టం షరతులకు ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం విడిచి వెళ్లినప్పుడు, దాని యంత్రాల మరమ్మతు బాధ్యత కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది. సీఎంసీగా పేరుపడ్డ ఆ ప్రభుత్వ సంస్థ తన పరిశోధన విభాగాన్ని హైదరాబాద్‌లో పెట్టుకుంది.

ఈసీఐఎల్, సీఎంసీలు నేర్పిన చదువుకు డిగ్రీ లేదు. ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు, గణితం, స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీలు ఉద్యోగంలో చేరి, సర్క్యూటు బోర్డు నుంచి కంపైలర్ దాకా పనిలోనే నేర్చుకున్నారు. హైదరాబాద్ కంప్యూటర్ నగరంగా మారిన కథను చాలామంది సైబర్ టవర్స్ తెరిచిన 1998తో మొదలుపెడతారు. దానికి పునాది అంతకు మూడు దశాబ్దాల ముందే ఈసీఐఎల్ కుషాయిగూడ షెడ్లలో పడిందన్న సంగతికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. ఇప్పుడు ఏఎస్ రావు నగర్ బస్సెక్కే కుర్రవాళ్లలో ఆ పేరు సాంబశివరావుదేనని తెలిసినవాళ్లు ఎందరన్నది అనుమానమే.

1980ల మొదట్లో కేంద్రానికి ఒక లెక్క ఎదురైంది. కంప్యూటర్లు పెరుగుతున్నాయి, వాటి మీద పనిచేసేవాళ్లు చాలరు. ఇంజనీరింగ్ సీట్లు కొద్ది. ఎలక్ట్రానిక్స్ కమిషన్ తరఫున రాజారామన్ అధ్యక్షతన పనిచేసిన నిపుణులు దీనికి ఒక కొత్త డిగ్రీని సూచించారు. బీఎస్సీ, బీకాం చదివి, లెక్కల్లో పట్టున్నవాళ్లకు మూడేళ్ల కోర్సు. అదే ఎంసీఏ. 1982 నుంచి అది కొన్ని విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఇంజనీరింగ్ సీటు దొరకని, లేదా ఆ చదువు భరించలేని మధ్యతరగతి కుటుంబాలకు ఎంసీఏ తెరిచిన తలుపు చాలా పెద్దది. డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి, బ్యాంకు పరీక్షలకు ప్రిపేరవుతున్న ఎందరో ఈ దారిన సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లారు. డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య దూరాన్ని ఇంతగా తగ్గించిన కోర్సులు మన దేశంలో తక్కువ.

అదే దశాబ్దంలో బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ శాఖ విస్తరించింది. ప్రైవేటు కాలేజీలు కూడా ఈ కాలంలోనే లేచాయి. హైదరాబాద్‌లో చైతన్య భారతి 1979లో, వాసవి 1981లో ప్రారంభమయ్యాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో రాష్ట్ర చట్టం వచ్చింది. 1986 నుంచి ఎంసెట్ ర్యాంకుతో సీట్లివ్వడం మొదలైంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రైవేటు కాలేజీల సీట్లను ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లుగా విడగొట్టింది. ఈ తీర్పుకు కారణమైన వివాదాల్లో ఆంధ్రప్రదేశ్ ఒక పక్షం. దాని తర్వాత కాలేజీ పెట్టడం ఒక ఆర్థిక వ్యవహారంగా లెక్క తేలింది. ఎంసెట్ ర్యాంకు లిస్టులో ముందుగా నిండే బ్రాంచి క్రమంగా కంప్యూటర్ సైన్స్ అయింది.

ఆ రోజుల్లో ఈ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ ఒక ప్రత్యేక లోకం. లోపలికి వెళ్లేముందు చెప్పులు బయట విడవాలి. ఏసీ చల్లదనం మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురికి ఒక సిస్టం. వారానికి ఒక పూట ల్యాబ్. ముందు అబ్జర్వేషన్ బుక్‌లో ప్రోగ్రాము రాసి సంతకం చేయించుకోవాలి. సంతకం ఉంటేనే కీబోర్డు. టర్బో సి నీలిరంగు తెర మీద ప్రోగ్రాము కొట్టి, ఔట్‌పుట్ చూపించి, మరో సంతకం. ఆ తర్వాత ఇంటి దగ్గర అదంతా రికార్డులోకి ఎక్కించాలి. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాము, ఎడమవైపు తెల్ల పేజీలో ఔట్‌పుట్, మొదటి పేజీలో ఇండెక్సు. ఏడాది చివర ఎక్స్‌టర్నల్ వచ్చి చీటీ తీయించి, ఆ చీటీలో వచ్చిన ప్రోగ్రామును ముందు కాగితం మీద రాయమంటాడు. తర్వాత వైవా.

ఇందులో ప్రతి మెట్టుకూ ఒకప్పుడు కారణం ఉండేది. కాగితం మీద ముందు రాయించడం కార్డులు, యంత్రసమయం వృథా కాకుండా ఉండేందుకు వచ్చిన పద్ధతి. 1990ల చివరికి పీసీలు చవకయ్యాక ఆ అవసరం తీరింది. తప్పు చేసి, తెర మీద వెంటనే చూసి, దిద్దుకుంటూ నేర్చుకునే అవకాశం వచ్చింది. కాలేజీ మాత్రం రికార్డును వదల్లేదు. ఎందుకంటే రికార్డుకు మార్కులు వేయడం తేలిక, దిద్దుకోవడానికి మార్కులు వేయడం కష్టం. చివరకు ప్రోగ్రామును అర్థం చేసుకోకుండా బట్టీపట్టి రాయడం సాధ్యమైంది. సీనియర్ రికార్డు చూసి జూనియర్ ఎక్కించడం ఏటా జరిగే తంతు అయింది. యంత్రం కొరతలో పుట్టిన జాగ్రత్త, యంత్రాలు దండిగా ఉన్న రోజుల్లో ఆలోచనకు బదులుగా నిలబడిపోవడం ఈ చరిత్రలో నిజంగా బాధపడాల్సిన విషయం.

నెట్‌వర్కింగ్ పాఠంలో చదువుకూ యంత్రానికీ మధ్య ఈ ఎడం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన నెట్‌వర్కుల పుస్తకం 1981లో వచ్చింది. ఏడు పొరల ఓఎస్ఐ నమూనా 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. ఈ రెండూ మన సిలబస్‌లో చేరి స్థిరపడ్డాయి. అప్పటికి దేశంలో నెట్‌వర్కు అన్నది వేళ్ల మీద లెక్కించదగిన చోట్ల మాత్రమే ఉంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఎర్‌నెట్ ప్రాజెక్టు ప్రారంభించింది. అయిదు ఐఐటీలు, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ ఇందులో తొలి భాగస్వాములు. బొంబాయిలో శ్రీనివాసన్ రమణి బృందం టెలిఫోన్ లైను మీద డయల్ చేసి ఈమెయిల్ పంపడంతో పని మొదలైంది. ఓఎస్ఐ ప్రమాణాలే భవిష్యత్తు అని అప్పట్లో ప్రభుత్వాలు నమ్మేవి. పనిచేసి చూపించింది మాత్రం టీసీపీ/ఐపీ. ఎర్‌నెట్ కూడా ఆ దారినే పట్టింది. ప్రభుత్వ కార్యాలయాల కోసం నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ఉపగ్రహం ద్వారా నిక్‌నెట్ నడిపింది. మామూలు ప్రజలకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టింది.

కాబట్టి చాలా ఏళ్లపాటు తెలుగు జిల్లాల్లోని విద్యార్థి, నెట్‌వర్కును కళ్లతో చూడకుండానే దాని ఏడు పొరల పేర్లూ వరుసగా అప్పజెప్పాడు. కాలేజీలో నెట్‌వర్కు ఉందంటే అది సాధారణంగా నోవెల్ నెట్‌వేర్ సర్వర్‌కు కట్టిన పదో ఇరవయ్యో పీసీలు. సన్నటి కోయాక్సియల్ తీగ ఒక పీసీ నుంచి మరో పీసీకి టీ ఆకారపు కనెక్టర్ల ద్వారా సాగేది. తీగకు రెండు కొసల్లో టెర్మినేటర్లు. ఎవరి కాలో తగిలి మధ్యలో ఒక్క కనెక్టర్ వదులైతే వరసంతా ఆగిపోయేది. ల్యాబ్ అసిస్టెంట్ బల్లల కింద దూరి ఒక్కో కనెక్టర్ బిగిస్తూ పోవాలి. నెట్‌వర్కు అంటే ఏమిటో, అది ఎందుకు ఆగుతుందో, ఎలా వెతకాలో తెలిసింది ఆ ల్యాబ్ అసిస్టెంట్‌కే. ఆయన పనిని పాఠంగా గుర్తించిన సిలబస్ ఏదీ లేదు.

నెట్‌వర్క్స్ ల్యాబ్ అంటూ సిలబస్‌లో ప్రత్యేకంగా చేరినప్పుడు కూడా ప్రయోగాలు సి భాషలో రాసే ప్రోగ్రాములే. బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ లెక్క, డైక్‌స్ట్రా పద్ధతిలో దగ్గరి దారి, డిస్టెన్స్ వెక్టర్ పట్టిక. అన్నీ ఒకే పీసీలో, ఏ తీగా అక్కర్లేకుండా అయిపోతాయి. ఇవి పనికిరానివి కావు. దగ్గరి దారి లెక్క తెలిస్తేనే రౌటర్ ఎందుకు అలా ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. కానీ రౌటర్‌కు కేబుల్ పెట్టి, ఐపీ అడ్రస్ ఇచ్చి, పక్క నెట్‌వర్కుకు పింగ్ వెళ్లకపోతే ఎక్కడ ఆగిందో పట్టుకోవడం వేరే విద్య. ఆ విద్యను నేర్పే బాధ్యత కంపెనీల సర్టిఫికెట్లు తీసుకున్నాయి. నోవెల్ సర్టిఫికెట్, మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్ఈ, సిస్కో సీసీఎన్ఏ. సిస్కో 1997లో నెట్‌వర్కింగ్ అకాడెమీ ప్రారంభించి, ఆ పాఠాలను కాలేజీల ద్వారా కూడా అందించింది. క్రింపింగ్ టూలు చేతబట్టి ఎనిమిది రంగుల తీగలను వరసలో పేర్చడం, సబ్‌నెట్ లెక్క నోటితో కట్టడం ఈ కోర్సుల్లో మొదటివారం పని.

కాలేజీ వదిలేసిన ఖాళీలోకి ప్రైవేటు శిక్షణ అడుగుపెట్టడం నెట్‌వర్కింగ్‌తో మొదలవలేదు. ఎన్ఐఐటీ 1981లో, ఆప్టెక్ 1986లో పుట్టాయి. జిల్లా కేంద్రాల్లో మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల గదుల్లో వీటి ఫ్రాంచైజీలు వెలిశాయి. డిగ్రీతో పాటు పీజీడీసీఏ చేయడం ఆ రోజుల్లో పెళ్లి సంబంధాల్లో కూడా చెప్పుకునే అర్హత. పుట్టగొడుగుల్లా లేస్తున్న ఈ కేంద్రాలకు ఒక కొలత ఉండాలని 1990లో డోయాక్ పథకం వచ్చింది. ఓ, ఎ, బి, సి అని నాలుగు స్థాయిలు. ఓ స్థాయి ఫౌండేషన్ కోర్సు. బి స్థాయి ఎంసీఏకు, సి స్థాయి ఎంటెక్‌కు దీటుగా నిర్ణయించారు. పరీక్ష కఠినంగా ఉండేది. బయటి కేంద్రంలో చదివి జాతీయస్థాయి పరీక్ష రాసి అర్హత పొందే ఈ పద్ధతి మంచి ఆలోచన. మార్కెట్ అంతకంటే వేగంగా పరుగెత్తడంతో దానికి రావాల్సినంత పేరు రాలేదు.

మార్కెట్ పరుగు పేరు అమీర్‌పేట. 1990లలో హైదరాబాద్ మైత్రీవనం భవనమూ దాని వెనక సందులూ కంప్యూటర్ శిక్షణకు కేంద్రమయ్యాయి. మొదటి పెద్ద ఊపు వైటూకే. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000లో తప్పుతాయని అమెరికా, యూరప్ కంపెనీలు వాటిని దిద్దించుకున్నాయి. కాలేజీలు అప్పటికే పాతబడిందని పక్కన పెడుతున్న కోబాల్, మెయిన్‌ఫ్రేములకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. అమెరికా హెచ్1బీ వీసాల పరిమితిని పెంచుతూ 2001 నుంచి 2003 వరకు ఏడాదికి 1,95,000 చేసింది. ఒరాకిల్, జావా, డాట్‌నెట్, ఎస్ఏపీ, టెస్టింగ్ టూల్స్, తర్వాత హడూప్, ఆ తర్వాత క్లౌడ్: అమెరికాలో ఏ నైపుణ్యానికి పిలుపు వస్తే నెలల్లో ఆ పేరు అమీర్‌పేట ఫ్లెక్సీల మీదికి ఎక్కేది. విశ్వవిద్యాలయంలో సిలబస్ మార్చడానికి నాలుగేళ్లు పట్టే కాలమది.

అమీర్‌పేట బోధనకు ఒక పద్ధతి ఉంది. కోర్సు మొదలయ్యేముందు ఉచితంగా డెమో క్లాసు. సార్ పాఠం నచ్చితే ఫీజు కట్టాలి, నచ్చకపోతే పక్క మెట్లెక్కి మరో డెమోకు వెళ్లవచ్చు. అందుకని సార్ మొదటి గంటలోనే తన శక్తి చూపించాలి. కొందరి పేర్లు ఇన్‌స్టిట్యూట్ పేరు కంటే పెద్దవయ్యాయి. తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా బ్యాచ్‌లు. ఒకే హాల్లో వందలమంది. బోర్డు మీద రాసింది మొత్తం నోట్సులోకి దింపుకోవాలి. ఆ నోట్సు జిరాక్స్ సెంటర్లలో కట్టలుగా అమ్ముడయ్యేది. చుట్టూ హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, టిఫిన్ బళ్లు. పాఠం తెలుగూ ఇంగ్లిషూ కలిసిన మాటల్లో సాగేది. క్లాస్ అంటే ఏమిటి, ఆబ్జెక్ట్ అంటే ఏమిటి అన్నది నాలుగేళ్ల బీటెక్‌లో అర్థంకాని విద్యార్థికి ఇక్కడ తన ఇంటి భాషలో నలభై నిమిషాల్లో తేటపడిన సందర్భాలు లెక్కలేనన్ని. ఆ గుణాన్ని విశ్వవిద్యాలయాలు గౌరవించి ఉండాల్సింది. అదేచోట లేని అనుభవాన్ని ఉన్నట్టు రాయించిన రెజ్యూమేలు, ఒకరి బదులు మరొకరు ఇచ్చిన ఫోన్ ఇంటర్వ్యూలు కూడా పుట్టాయి. నిజంగా నేర్చుకున్నవాళ్ల మాటకు కూడా విలువ తగ్గించిన పని అది.

1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడు గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, అంటే ట్రిపుల్ ఐటీ, మొదలైంది. రాజ్ రెడ్డి దాని పాలకమండలికి అధ్యక్షత వహించారు. మొదటి సంవత్సరం నుంచే విద్యార్థిని పరిశోధన ల్యాబ్‌లకు దగ్గర చేసిన ఆ సంస్థ, యంత్రం ముందు కూర్చుని నేర్చుకునే చదువు ఎలా ఉంటుందో చూపించింది. దాని సీట్లు మాత్రం కొద్ది. మిగతా చోట్ల కాలేజీల సంఖ్య పెరుగుతూ పోయింది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేద కుటుంబాలకు ఇంజనీరింగ్ తలుపులు తెరిచింది. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి. తండ్రులు అరక దున్నిన ఇళ్ల నుంచి మొదటి తరం ఇంజనీర్లు వచ్చారు. ఆ పెరుగుదలకు తగినంతమంది అధ్యాపకులు మాత్రం రాలేదు. నిన్న బీటెక్ పాసైనవాళ్లే నేడు పాఠం చెప్పాల్సి వచ్చింది.

ప్రోగ్రామింగ్, నెట్‌వర్కింగ్‌ల తర్వాత ఇక్కడే మూడో చదువు, అంటే చదవడం ఎలాగో నేర్చుకునే చదువు, ముందుకు వస్తుంది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లోనే దీన్ని ఒక పద్ధతిగా పుస్తకంలో పెట్టాడు. ముందు అధ్యాయాన్ని పైపైన చూడాలి, ప్రశ్నలు వేసుకోవాలి, చదవాలి, పుస్తకం మూసి చెప్పుకోవాలి, మళ్లీ చూసుకోవాలి. హైదరాబాద్‌లో 1958లో ఏర్పడిన ఇంగ్లిషు సంస్థ, ఇప్పటి ఇఫ్లూ, దేశమంతటి ఇంగ్లిషు అధ్యాపకులకు బోధన నేర్పింది. అయినా నోట్సు తీసుకోవడం, పెద్ద పుస్తకంలో కావలసింది వెతుక్కోవడం, ఒక వాదాన్ని సొంతమాటల్లో రాయడం మన ఇంజనీరింగ్ కాలేజీల్లో నిర్దిష్టమైన పాఠాలుగా లేవు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ విద్యార్థి సమయాన్ని గంటగంటకూ మరొకరు నిర్ణయిస్తారు. స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, ఎర్రర్ లిస్టు. బీటెక్ మొదటిరోజున ఆ కాపలా తీసేస్తారు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివిన పిల్లలకు దానికి తోడు ఇంగ్లిషు. సెమిస్టర్ చివర పాసవడానికి దొరికిన ఆధారం ఆల్ ఇన్ వన్ గైడు, సీనియర్ల మెటీరియల్, గత ప్రశ్నపత్రాలు. సెమిస్టర్ గట్టెక్కడానికి అవి సరిపోయేవి. టానెన్‌బామ్ పుస్తకం లైబ్రరీలో అట్ట నలగకుండా ఉండిపోయేది.

2005లో నాస్కామ్, మెకిన్సీ కలిసి వెలువరించిన నివేదిక, భారత ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో ఎగుమతి పనులకు వెంటనే పనికివచ్చేవారు నాలుగోవంతు మందేనని తేల్చింది. అది కంపెనీల అవసరం నుంచి చూసిన లెక్క. అయినా ఆ కాలంలో అదే ఆందోళన సిలబస్‌లోనూ కనిపించింది. జేఎన్‌టీయూ ఇంగ్లిషు కమ్యూనికేషన్ ల్యాబ్ పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎలక్ట్రానిక్ గవర్నెన్స్ ద్వారా జవహర్ నాలెడ్జ్ సెంటర్లు నడిపి, చివరి సంవత్సరం విద్యార్థులకు ప్రోగ్రామింగ్‌తో పాటు గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ నేర్పింది. కంపెనీలు సొంత బడులు కట్టుకున్నాయి. ఇన్ఫోసిస్ మైసూరు ప్రాంగణంలో కొత్త ఉద్యోగులకు నెలల తరబడి మొదటి నుంచి ప్రోగ్రామింగ్ చెప్పడం మొదలుపెట్టింది. నాలుగేళ్లు చదివిన విషయాన్ని మళ్లీ చెప్పడానికి కంపెనీ జీతమిచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది. కాలేజీ చదువుకు ఇంతకంటే పదునైన విమర్శ మరొకటి ఉండదు. ఈ ప్రయత్నాల్లో చాలావరకు చివరి సంవత్సరంలో, ఉద్యోగం దృష్టితో వచ్చినవి. చదవడం నేర్పాల్సింది మొదటి సెమిస్టర్‌లో.

ఆ మాటను గట్టిగా పట్టించుకున్నది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన, ట్రిపుల్ ఐటీలనే పిలిచే దాని ప్రాంగణాల వెనక ఆలోచన కూడా రాజ్ రెడ్డిదే. పదో తరగతి మార్కులతో ప్రవేశం, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ, రెండేళ్ల ప్రీ యూనివర్సిటీ, నాలుగేళ్ల బీటెక్. తొలి బ్యాచ్‌లకు ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇచ్చారు. ఎంసెట్ కోచింగ్ అనే దశే లేకుండా, పదహారేళ్ల వయసులోనే కంప్యూటర్‌నూ ఇంగ్లిషునూ సొంతంగా చదవడాన్నీ అలవాటు చేయాలన్నది ఉద్దేశం. భవనాలు పూర్తికాకముందే వేలమంది పిల్లలు రావడంతో మొదటి ఏళ్లు ఇబ్బందిగా గడిచాయి. అయినా మండల కేంద్రం దాటని కుటుంబాల పిల్లలకు, సొంత యంత్రం ఒడిలో పెట్టి ఇచ్చిన ప్రభుత్వ విద్యాసంస్థగా దాని స్థానం చెక్కుచెదరదు.

తర్వాతి మార్పులు వేగంగా వచ్చాయి. ఐఐటీల వీడియో పాఠాలు ఎన్‌పీటీఈఎల్ పేరుతో అందరికీ ఉచితంగా చేరాయి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, 2018లో తెచ్చిన నమూనా సిలబస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమాన్ని సూచించింది. పైథాన్ క్రమంగా సి పక్కన చేరింది. ప్యాకెట్ ట్రేసర్ వంటి సిమ్యులేటర్లతో రౌటర్ లేకుండానే రౌటర్ పని నేర్చుకోవడం కుదిరింది. 2020లో కోవిడ్ తరగతులను మూసినప్పుడు ల్యాబ్ అంటే చెప్పులు విడిచి వెళ్లే గది అన్న భావన మొదటిసారి సడలింది. విద్యార్థి సొంత ల్యాప్‌టాప్, కొన్నిసార్లు ఫోను, ల్యాబ్ అయింది. లేనివాళ్లు వెనకబడ్డారు.

2021లో ఏఐసీటీఈ అనుమతితో 8 రాష్ట్రాల్లోని 14 కాలేజీలు అయిదు భారతీయ భాషల్లో బీటెక్ మొదలుపెట్టాయి. వాటిలో తెలుగు ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌ను తెలుగులో చెప్పడం ఆరంభమైంది. మొదటి సంవత్సరం పాఠ్యపుస్తకాలను తెలుగు సహా భారతీయ భాషల్లోకి తెచ్చే పనిని ఏఐసీటీఈ చేపట్టింది. ప్రోగ్రామింగ్ భాషలోని ఆదేశాలు ఇంగ్లిషులోనే ఉంటాయి. వాటి చుట్టూ వివరణ తెలుగులో నడుస్తుంది. అమీర్‌పేట హాళ్లలో పాతికేళ్లుగా నోటితో జరుగుతున్న పని అలా మొదటిసారి కాలేజీ పాఠ్యపుస్తకంలోకి వచ్చింది.